గ్యాలరీలో రేగు కొమ్మ

మంత్రులు జవాబులు చెప్పే రోజంటే నాకు ఒళ్లు మంట. మామూలు రోజుల్లో సభలో ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడతారు, నేను తర్జుమా చేస్తాను, సాయంత్రం గొంతు నొప్పితో ఇంటికి పోతాను. జవాబుల రోజు అలా కాదు. గుమాస్తాలు రాసిచ్చిన కాగితం మంత్రిగారు చదువుతారు. అందులో జవాబు తప్ప అన్నీ ఉంటాయి. ఆ లేని జవాబుని నేను మా జులూ భాషలో చెప్పాలి.

సభ వెనక గోడకి పైన అద్దాల గది ఒకటి ఉంది, అదే నా కొలువు. ఇంగ్లీషులో అన్నది జులూలోకి, జులూలో అన్నది ఇంగ్లీషులోకి, వాళ్ల నోటి వెంటే మార్చేస్తుంటాను. ఈ పనిలో ఒక నియమం ఉంది. "మంత్రిగారు ఇలా అంటున్నారు" అనకూడదు. ఆయన "నేను" అంటే నేనూ "నేను" అనాలి. ఆయన గర్విస్తే నేనూ గర్వించాలి, ఆయన చింతిస్తే నేనూ చింతించాలి. ఇన్నేళ్లలో నేను కట్టించని వంతెన లేదు, తెరవని బడి లేదు, సంతాపం చెప్పని చావు లేదు.

ఆ రోజు రక్షణ శాఖ, సంస్కృతి శాఖ వంతులు కలిసి వచ్చాయి. మధ్యాహ్నం క్యాంటీన్ గుమ్మంలో ఎంబాతా అమ్మ నన్ను పట్టుకుంది. మా తుగేలా నది వైపు నుంచి గెలిచిన ఎంపీ ఆవిడ. ఒకప్పుడు బడిపంతులమ్మ. ఇప్పటికీ స్పీకర్‌ని కూడా ఇంటిలెక్కలు చెయ్యకుండా వచ్చిన పిల్లాణ్ణి చూసినట్టే చూస్తుంది. ఆవిడ పక్కన ఒక ముసలాయన ఉన్నాడు. ఎవరి పెళ్లికో కుట్టించుకున్న నల్లకోటు, మెడ దాకా పెట్టిన బొత్తాలు, చేతుల్లో పాత పేపర్లో చుట్టిన పొడుగాటి పొట్లం.

"ఖోసీ, ఈయన ఖన్యిలే బాబా. లుంగిసాని వాళ్ల నాన్న" అంది.

బాబా అంటే మా దగ్గర నాన్న, మర్యాదకి మగవాళ్లందర్నీ అలాగే పిలుస్తాం. లుంగిసాని ఎవరో నాకు వేరే చెప్పక్కర్లేదు. పోయిన చలికాలం, ఉత్తరాన ఉన్న ఒక దేశంలో శాంతి కాపాడ్డానికి వెళ్లిన మా సిపాయిల శిబిరం మీద బాంబులు పడ్డాయి. ఆ వార్త కూడా సభలో నేనే చెప్పాను, "తీవ్రంగా చింతిస్తున్నాను" అంటూ. లుంగిసాని పెట్టె వచ్చింది. పెట్టె తెరవకూడదన్నారు. దాని మీద జెండా కప్పారు, తుపాకులు పేల్చారు, బూర ఊదారు, పూడ్చారు. శవం ఇంటికొచ్చింది. మనిషి రాలేదు.

మా వాళ్లలో ఎవరైనా ఇంటికి దూరంగా చనిపోతే, ఇంటి పెద్దవాడు రేగు కొమ్మ ఒకటి కోసుకుని పోయినచోటికి వెళ్తాడు. ఆ నేల మీద కొమ్మ ఆనించి పేరు పెట్టి పిలుస్తాడు. పోదాం రా అంటాడు. పోయినవాడు కొమ్మ పట్టుకుని వెంట వస్తాడు. అలా పిలవకపోతే ఇంటి దారి తెలియక అక్కడక్కడే తిరుగుతుంటాడు. నేను చదువుకున్నదాన్నే. ఇదంతా నమ్ముతావా అని ఎవరైనా అడిగితే నా జవాబు కూడా మంత్రుల జవాబులాగే ఉంటుంది. కానీ మా తమ్ముడు గని కూలి చచ్చిపోయినప్పుడు మా చిన్నాన్న పట్టుకున్న కొమ్మ వెనకాల నేనూ నడిచాను, వాడి పేరు నేనూ పిలిచాను.

సైన్యం వాళ్లు కుటుంబాల్ని ఆ శిబిరానికి రానివ్వలేదు. ప్రమాదం అన్నారు, నిజమే అయ్యుండొచ్చు. ఇప్పుడు మా సిపాయిలు అక్కణ్ణించి వెనక్కి వచ్చేస్తున్నారు. శిబిరాన్ని ఆ దేశం వాళ్లకి అప్పగిస్తారు. తర్వాత మావాళ్లెవరూ ఆ గేటు దాటలేరు. అప్పగించే లోపు చనిపోయిన ప్రతి సిపాయి ఇంటి నుంచి ఒక్కర్ని, కొమ్మతో, అక్కడికి తీసుకెళ్తారా అన్నది ఎంబాతా అమ్మ ప్రశ్న. ఆవిడ ఎప్పుడో వేసింది. ఒకసారి మంత్రి విదేశాల్లో ఉన్నాడు. ఒకసారి ఆయనకి జ్వరం. ఒకసారి మిగతా ప్రశ్నలకే టైం అయిపోయింది. అలా జరిగి జరిగి ఇవాళ్టికి వచ్చింది.

"ఆ పొట్లంలో ఉన్నది..." అన్నాను నేను.

"కొమ్మేనమ్మా" అన్నాడు ముసలాయన. "మంత్రిగారు సరేనంటే ఇటునుంచి ఇటే పోతాను. మళ్లీ ఇంటికెళ్లి రావడం ఎందుకు, దండగ."

"బాబా, సరేనన్నా కూడా ఇవాళే పంపరు. చాలా తతంగం ఉంటుంది" అంది ఎంబాతా అమ్మ.

"విమానాలు ఆయనవే కదమ్మా" అన్నాడాయన.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

సందర్శకుల గ్యాలరీ తలుపు దగ్గర కాపలావాడు పొట్లం విప్పమన్నాడు. కొమ్మ చూసి, ముళ్లున్నాయి, లోపలికి కుదరదన్నాడు. "వీటికన్నా పెద్ద ముళ్లు లోపల సూట్లేసుకుని కూర్చున్నాయి, వాళ్లని ఆపావా?" అంది ఎంబాతా అమ్మ. వాడు నవ్వాపుకుని పక్కకి తప్పుకున్నాడు. నేను ముసలాయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, జులూ వచ్చే మీట చూపించాను.

"లోపల మాట్లాడేది నువ్వేనా?"

"నేనే బాబా. గొంతు నాది, మాటలు మంత్రిగారివి."

"నీ గొంతయితే నయమే" అన్నాడు.

సభ మొదలైంది. ముందు సంస్కృతి మంత్రి. సంప్రదాయ నృత్య బృందాలకి కొత్త దుస్తులు ఎక్కడ కుట్టించారు, ఎందుకవి చినిగిపోయాయి అని ఒకాయన అడిగాడు. ఆవిడ సంస్కృతి గొప్పతనం గురించి చెప్పింది. దుస్తుల సంగతి అన్నాడు ఆయన. సంస్కృతి అనేది మన ఆత్మ అంది ఆవిడ. "ఆత్మకి బట్టలక్కర్లేదు గానీ పిల్లలకి కావాలండీ" అని వెనకనించి ఎవరో అరిచారు, సభంతా నవ్వింది. తర్వాత రక్షణ మంత్రి. ఎగరని హెలికాప్టర్ల గురించి చాలాసేపు అడిగారు, ఆయన అంతకన్నా చాలాసేపు చదివాడు. "చదవడం వచ్చినందుకు చప్పట్లు కొట్టండి" అన్నారెవరో. నేను గడియారం చూస్తున్నాను, కిందికి చూస్తున్నాను. ముసలాయన కొమ్మని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, బడిలో మొదటిరోజు కూర్చున్న పిల్లాడిలా కదలకుండా వింటున్నాడు.

చివరికి ఎంబాతా అమ్మ వంతు వచ్చింది. జులూలో అడిగింది, నేను ఇంగ్లీషులో చెప్పాను. రక్షణ మంత్రి లేచాడు. నీలం కోటు, భారీ మనిషి, మా జులూ వాడు కాదు, పర్వతాల వైపు వాడు. కాగితం ఎత్తి చదివాడు.

"మన వీరులకు పూర్తి సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిపినందుకు నేను గర్విస్తున్నాను" అన్నాను ముసలాయన చెవిలో. "ఇక సంప్రదాయ క్రతువుల విషయం మా శాఖ పరిధిలోకి రాదు. అది సంస్కృతి శాఖ చూసుకోవాలి."

ఎంబాతా అమ్మ సంస్కృతి మంత్రి వైపు తిరిగింది. ఆవిడ లేచింది.

"విముక్తి పోరాటంలో పరాయి దేశాల్లో కన్నుమూసిన వాళ్ల ఆత్మల్ని సగౌరవంగా స్వదేశానికి తెచ్చే పథకం మాకుంది" అన్నాను. "కానీ అది ఆనాటి పోరాట యోధులకే. ఉద్యోగంలో ఉన్న సిపాయిల విషయం రక్షణ శాఖ చూసుకోవాలి."

ఇద్దరూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుంటారు. ఆవిడ కూర్చుంటూ ఆయన చెయ్యి తగిలితే సారీ కూడా చెప్పింది.

"ఇద్దరూ పొద్దున ఒకే కార్లో దిగారు, దారిలో మాట్లాడుకోలేదా?" అన్నారెవరో. మళ్లీ నవ్వులు. నాకు మాత్రం పళ్లు కొరకాలనిపించింది. ఒక చెవిలో రెండు శాఖలు పోసి, ఆ రెండు శాఖలూ నేనే అయి, ఆ తండ్రికి కాదు కాదని నేనే చెప్తున్నాను. కాగితం మోసేవాళ్లకి ఏం పోయింది.

ఎంబాతా అమ్మ మళ్లీ లేచింది. "ఎవరి పరిధో తర్వాత తేల్చుకోండి. ఆ తండ్రి పైన కూర్చున్నాడు, చూడండి. శిబిరం అప్పగించే లోపు ఆయన్ని తీసుకెళ్తారా, తీసుకెళ్లరా? ఒక్క ముక్కలో చెప్పండి మంత్రిగారూ."

మంత్రి పైకి చూశాడు. నిజంగానే చూశాడు. కాగితాలు అటూ ఇటూ తిప్పాడు, ఈ ప్రశ్నకి జవాబు అందులో లేదు. వెనక కూర్చున్న అధికారి ఒకడు ముందుకి వంగి చిన్న చీటీ అందించాడు. ఆయన అది చదువుకుని ఒకసారి ఆగాడు. తర్వాత, మొదటిసారి, కాగితం చూడకుండా మాట్లాడాడు.

ఆ మాట నేను చెప్పాలి. నియమం నియమమే.

"శిబిరాన్ని పోయిన శుక్రవారమే అప్పగించేశాను" అన్నాను. "నన్ను క్షమించాలి. ఇప్పుడు నేను చెయ్యగలిగింది ఏమీ లేదు."

ముసలాయన హెడ్‌ఫోన్ తీసి, దాని మెత్తని భాగాన్ని కోటు చేత్తో తుడిచి, పక్క కుర్చీలో పెట్టాడు. పేపరు విప్పి మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కొమ్మని రెండు చేతులా పట్టుకుని లేచాడు. గ్యాలరీలో జనం లేవకూడదు, నోరెత్తకూడదు. కాపలావాళ్లు ఇద్దరు అటు కదిలారు.

"లుంగిసానీ" అన్నాడు ముసలాయన.

కొండ మీదున్న పశువుల్ని లోయలోంచి పిలిచే గొంతు. దానికి మైకు అక్కర్లేదు.

"లుంగిసానీ, నాయనా. నీ దగ్గరికి నన్ను రానివ్వలేదురా. ఇప్పుడు తలుపేసేశారంట. నిన్ను పంపినాయన ఇదిగో, ఇక్కడే కూర్చున్నాడు. నువ్వు ఆయన మనిషివి. పనైపోయాక సిపాయి పంపినవాడి దగ్గరికే వస్తాడు కదా. నువ్వూ ఇక్కడికే వచ్చి ఉంటావు. నేను మీ నాన్నని. కొమ్మ తెచ్చాను. మీ అమ్మ చాప పరిచి పెట్టింది. పోదాం రా."

మైకులోంచి వచ్చిన మాటలే తర్జుమా చెయ్యాలి, గ్యాలరీ అరుపులు చెయ్యకూడదు, అది కూడా నియమమే. నా వేలు మీట మీదికి ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఆయన ఒక్కో మాటా నేను ఇంగ్లీషులో మంత్రుల చెవుల్లో చెప్పాను. "నేను మీ నాన్నని" అని నేనే అన్నాను. ఇన్నేళ్ల కొలువులో నాదిగా అన్న మాట అదొక్కటే.

 స్పీకర్ చెయ్యెత్తి కాపలావాళ్లని ఆపేశాడు. ముసలాయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. కొంచెం సేపటికి ఆయన మణికట్లు కిందికి దిగాయి, నిండు బిందె చేతికందినప్పుడు దిగినట్టు. కళ్లు తెరిచాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను ఊహించలేదు. తిరిగి, ఎవరి వైపూ చూడకుండా, మెట్లెక్కి తలుపు వైపు నడిచాడు.

నాకు పిచ్చి సంతోషం వేసింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. దొరికాడు. వీళ్ల శాఖలూ వీళ్ల పరిధులూ గంగలో కలిస్తే కలిశాయి, ఆ అబ్బాయి దొరికాడు. ఇక ఇల్లు చేరేదాకా ముసలాయన ఎవరితోనూ మాట్లాడకూడదు. కొమ్మ మోసేవాడు దారిలో చచ్చినవాడితో తప్ప బతికున్నవాళ్లతో ఒక్క మాట మాట్లాడకూడదు. మాట్లాడితే వాడు అక్కడే దిగిపోతాడు. అందుకే మా ఊళ్లలో ఇంకొక మనిషి తోడు వెళ్తాడు, అడిగినవాళ్లకి వాడు జవాబు చెప్తాడు. ముసలాయనకి తోడు ఎవరూ లేరు. ఎంబాతా అమ్మ కింద సభలో ఉంది.

అప్పుడే నీలం కోటు లేవడం చూశాను. రక్షణ మంత్రి కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుని, కాగితాలు బల్ల మీదే వదిలేసి బయటికి నడుస్తున్నాడు. ఆయన వెనకే మనుషులు.

హెడ్‌ఫోన్ విసిరేసి పరిగెత్తాను. ఆ వెనక సంస్కృతి మంత్రి ఇంకేదో జవాబు చదివిందట, జులూలో ఎవరికీ వినపడలేదట, ఎవరూ అడగలేదట కూడా.

నేను మెట్ల మీదున్నాను. కింద పాలరాతి వసారాలో ముసలాయన నడుస్తున్నాడు, కొమ్మ రొమ్ముకి ఆనించుకుని, పెదవులు కదుపుతూ. కొడుక్కి దారి చెప్తున్నాడు. ఇక్కడ మెట్టుంది, ఇక్కడ తలుపుంది అని. ఎదురుగా మంత్రి వచ్చాడు. ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్లు దూరంగా నిలబడిపోయారు, వాళ్లని రావద్దని ఆయనే సైగ చేశాడు. చెడ్డవాడు కాదు, నేను అబద్ధం చెప్పను. అంత భారీ మనిషి నడుం వంచి, రెండు చేతులూ ముందుకి చాపి, తనకొచ్చిన ఒక్క జులూ మాట అన్నాడు.

"సావుబోనా, బాబా."

పలకరిస్తే పలకకపోవడం మా దగ్గర మొహాన ఉమ్మెయ్యడం కన్నా తప్పు. పగవాడైనా పలుకుతాడు. మాటలొచ్చిన రోజు నుంచి పిల్లలకి నేర్పేది అదే. ముసలాయన జీవితమంతా పలికినవాడు. ఆలోచించే లోపే నోరు పలికేసింది.

"యెబో, సావుబోనా. బాగున్నాం బాబా. మీరు బాగున్నారా?"

నేను ఇంకా మెట్ల మీదే ఉన్నాను.

ముసలాయన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. కొమ్మ వైపు చూశాడు. చేతుల్లో కొంచెం ఎత్తి చూశాడు, కొంచెం దించి చూశాడు.

మంత్రి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఇంగ్లీషులో, మెల్లగా. నేనేం చెయ్యగలను చెప్పండి, మిమ్మల్ని నా కార్లో పంపిస్తాను, విమానంలో పంపిస్తాను. చెప్పమని నా వైపు చూశాడు. నేను చెప్పలేదు. ఎంబాతా అమ్మ సభలోంచి రొప్పుతూ వచ్చింది. ముసలాయన మొహం చూసి గోడకి ఆనుకుంది.

"బాబా, మళ్లీ పిలవండి" అన్నాను. "ఇక్కడే ఉన్నాడు కదా. పిలవండి."

పిలిచాడు. ఈసారి పెద్దగా కాదు. లుంగిసానీ, నాయనా, మీ నాన్ననిరా. మేం నలుగురం కొమ్మ వైపే చూస్తూ నిలబడ్డాం. 

"లేదమ్మా" అన్నాడు. "తేలిగ్గా ఉంది."

"ఏమంటున్నారాయన?" అని మంత్రి అడిగాడు.

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను, ఎవరితో మాట్లాడకూడదో, మాట్లాడితే ఏమవుతుందో. ఆయన మొహం పాలిపోయింది. "నేను పలకరించానంతే" అన్నాడు.

"అవునండి. పలకరించారంతే" అన్నాను. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. అందరి మీదా వచ్చింది, ఆ చీటీ అందించినవాడి మీద, జ్వరం మీద, శుక్రవారం మీద. వంగి నిలబడ్డ ఆ మనిషి మీద మాత్రం రాలేదు.

ముసలాయనకి మా మాటలు అర్థం కాకపోయినా మా మొహాలు అర్థమయ్యాయి. "ఆయన్నేమీ అనకమ్మా" అన్నాడు. "మర్యాదగా పలకరించాడు. మావాడు చిన్నప్పట్నుంచీ అంతే. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో నిలబడడు, పక్కకి పోతాడు. మేమే నేర్పాం."

ఎంబాతా అమ్మ బావురుమంది.

ముసలాయన వసారా అటు చివర దాకా, ఇటు చివర దాకా చూశాడు. రెండు వైపులా ఒకేలాంటి తలుపులు, ఒకేలాంటి తివాచీ, గోడల నిండా ఎవరెవరివో పటాలు.

"నువ్వు రోజూ వస్తావా ఇక్కడికి?" అని నన్నడిగాడు.

"వస్తాను బాబా."

"వాడికి ఇక్కడ ఎవరూ తెలీదు. ఇంగ్లీషు కూడా అంతంతమాత్రం. నువ్వు ఇటుగా పోయేటప్పుడు మన మాట నాలుగు ముక్కలు వినపడేట్టు మాట్లాడుతుండమ్మా."

అలాగే బాబా అన్నాను.  ఆయనకి వినపడేలా మళ్లీ అన్నాను.